తేనెటీగలు మాటలు మానేసిన ఏడాది

ఒకప్పుడు తేనెటీగలు మాట్లాడేవి. జుమ్మని మోగడం కాదు, మనలాగే నోరు తెరిచి మాట్లాడేవి. నెమ్మదిగా మాట్లాడటం మాత్రం వాటికి చేతనయ్యేది కాదు. ఎక్కడ పూలు కనిపిస్తే అక్కడినుంచే అరుచుకుంటూ ఇంటికి వచ్చేవి. "మునగ పూసింది, దిగువ గట్టు మీద మునగ పూసింది" అని ఒకటి కేకేస్తే చాలు, గూట్లో ఉన్నవన్నీ బిలబిలమంటూ బయటికి ఎగిరేవి.

ఆ రోజుల్లో కొండల నడుమ ఒక చిన్న ఊళ్ళో దాలయ్య, పైడమ్మ అని ఆలుమగలు ఉండేవారు. వాళ్ళకొక కూతురు, నూకరత్నం. దాలయ్య తల్లి అచ్చియ్యమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. అచ్చియ్యమ్మకి చెవులు బొత్తిగా వినపడవు.

ఆ ఇంటి బతుకంతా తేనెటీగలతోనే. దాలయ్య మట్టిగోడలో ఒక పెద్ద కుండ అడ్డంగా పెట్టి మెత్తాడు. కుండ అడుగు వీధివైపు ఉండేది. దానికి ఈగలు వచ్చిపోయేంత చిన్న చిల్లు. కుండ మూతి ఇంట్లోకి ఉండేది. దానికో చెక్క మూత. మూత తీసి చూస్తే మైనపు పట్టులు తెరల్లా వేలాడుతూ కనిపించేవి.

దాలయ్య ఈగలకి కావలసినంత వదిలిపెట్టి మిగతా తేనె తీసేవాడు. పైడమ్మ అందులో ఉసిరికాయలు నానబెట్టేది. మైనం కరిగించి ఆముదంలో కలిపి కాళ్ళ పగుళ్ళకి మందు చేసేది. అచ్చియ్యమ్మ వత్తులు పేని మైనపు దీపాలు పోసేది. నూకరత్నం ముంతల మూతులకి గుడ్డలు కట్టేది. కొంత సంతకి పోయేది. కొంత ఇంటి అరుగు మీదే అమ్ముడుపోయేది.

అరుగు మీద అమ్మకంతోనే తంటా. గోడలో ఈగలు ఊరుకోవు కదా.

ఒకరోజు కుమ్మరి సూరమ్మ మందు కోసం వచ్చింది. పైడమ్మ ముంత చేతికివ్వబోతుంటే, గోడ చిల్లులోంచి జుంటి అనే ఈగ తల బయటపెట్టింది. ఆ గూటి మొత్తంలో జుంటి అంత వాగుడుకాయ ఇంకోటి లేదు.

"సూరమ్మత్తా, నిన్న చేసిన మందు మాడిపోయింది తెలుసా? పైడమ్మ అడుగంతా గోకి పెరట్లో పారబోసింది" అంది జుంటి.

పైడమ్మకి సిగ్గుతో మొహం ఎర్రబడింది. "పారబోసిన మాట నిజమే. ఇవాళ మళ్ళీ కొత్తగా చేశాను కదా. ఆ ముక్క కూడా చెప్పవే" అంది.

"అదీ నిజమే" అంది జుంటి. "దాలయ్య ముంతలు నింపేటప్పుడు వేళ్ళు నాకాడు. అది కూడా చెప్పనా?"

సూరమ్మ నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. "దాచుకోవడం చేతకాని ఇల్లు మీది. ఇక్కడ కొంటే నాకు భయం లేదు" అని ఒకటికి రెండు ముంతలు తీసుకుంది.

ఇంట్లో అందరూ ఈగల మాటలకి నవ్వుతుంటే అచ్చియ్యమ్మ ఒక్కతే మూతి ముడుచుకునేది. "ఈగలు మాట్లాడతాయట. అందరికీ వినపడతాయట. నాకైతే ఇన్నేళ్ళలో ఒక్క ముక్క వినపడలేదు. నన్ను ఆటపట్టిస్తున్నారో ఏమో" అనేది.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. మునగ పూత రాలిపోయింది. వాగొడ్డున కానుగ చెట్లు వెలవెలబోయాయి. ఈగలు పొద్దస్తమానం తిరిగి ఖాళీ కాళ్ళతో వచ్చేవి.

అప్పుడు జుంటికి వాగు అవతల ఒక వలిసె చేను కనిపించింది. చేనంతా పసుపు ఆరబోసినట్టుంది. జుంటికి ఆనందం పట్టలేదు.

"వలిసె పూసింది. వాగు దాటాక, నల్లరాతి పక్కన, కావలసినంత పూసింది" అని దారిపొడుగునా కేకలు పెడుతూ ఇంటికొచ్చింది.

ఆ కేకలు గూట్లో ఈగలు విన్నాయి. కొండ చరియలో కాపురముండే పెద్ద కందిరీగలు కూడా విన్నాయి. కందిరీగలకి పువ్వులతో పనిలేదు. వాటికి కావలసింది పువ్వుల మీద వాలే ఈగలు.

ఈగలన్నీ చేనుకి చేరేసరికి కందిరీగలు ముందే వచ్చి ఆకుల చాటున కూర్చున్నాయి. "రండమ్మా రండి. దారి బాగా చెప్పింది మీ పిల్ల" అంటూ మీద పడ్డాయి.

వెళ్ళిన ఈగల్లో సగం తిరిగి రాలేదు.

జుంటి వచ్చింది. ఒక రెక్క అంచు చిరిగింది. గూట్లోకి వచ్చి ఒక మూల నక్కింది. దాన్ని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది దానికి.

రాణి ఈగ అందరినీ దగ్గరికి పిలిచింది. "మన నోరే మన కొంప తీస్తోంది. ఇవాళ్టినుంచి బయట ఎవరూ మాట్లాడొద్దు. చెప్పాల్సిందేదైనా ఉంటే గూట్లో, చెవిలో చెప్పుకోండి" అంది.

సరేనన్నాయి. కానీ గూట్లో వేలకి వేల ఈగలు. ఒకటి ఇంకోదాని చెవిలో చెప్పాలి, అది పక్కదానికి చెప్పాలి. "తూర్పున తుమ్మ పూసింది" అని మొదలైన కబురు, గూటి అవతలి కొసకి చేరేసరికి "తూములో దుమ్ము లేచింది" అయ్యింది. తుమ్మ చెట్టు దగ్గరికి పోవాల్సినవి పోయి తూము చుట్టూ తిరిగి వచ్చాయి.

అదీగాక అన్ని ఈగలు కలిసి గుసగుసలాడితే అది గుసగుస కాదు, సంతే. ఇంటి చూరు మీద రెండు కందిరీగలు కాపలా కూర్చుని అంతా వింటున్నాయి. ఏ చెట్టు పేరెత్తినా ఈగల కంటే ముందు అవే పోయేవి.

చివరికి ఈగలు బయటికి పోవడమే మానేశాయి. అరుగు మూగబోయింది.

పైడమ్మకి మొదట హాయిగానే అనిపించింది. తర్వాత దిగులు పట్టుకుంది. "ఏమయ్యా, ఈగలు నా మీద చాడీలు చెప్పి ఎన్నాళ్ళయిందో. ఒకసారి మూత తీసి చూడు" అంది.

దాలయ్య మూత తీశాడు. పట్టులో అరలన్నీ ఖాళీ. ఈగలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉండలా ముడుచుకున్నాయి. దాలయ్య మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆకలితో ఉన్నాయి. ఇలాగే ఉంటే చలికాలం దాటవు" అన్నాడు.

అటక మీద తేనె ముంతలు వరసగా ఉన్నాయి. ఆ ఏడాది సంతకి దాచినవి అవే. పైడమ్మ వాటివైపు చూసింది. దాలయ్యా చూశాడు.

"దించు" అంది పైడమ్మ.

"మరి సంతకి?"

"దీపాలున్నాయి, పగుళ్ళ మందుంది. అవి పట్టుకుపోదాం. ఈ తేనె వాటిదే. వాటికే పెడదాం."

దాలయ్య ముంతలు దించాడు. పైడమ్మ తేనెని వెడల్పాటి పళ్ళెంలో పోసింది. ఈగలు మునిగిపోకుండా నూకరత్నం పైన గడ్డిపరకలు పరిచింది. పళ్ళేన్ని కుండ మూతి పక్కనే పెట్టారు. ఈగలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, పరకల మీద నిలబడి తాగాయి. ముందు చిన్నవాటికి దారిచ్చి, జుంటి ఆఖర్న వచ్చింది.

ఇంటి తేనె ఎన్నాళ్ళని వస్తుంది? రోజూ పళ్ళెం నిండేది, ముంతలు తరిగేవి. తాగి ఓపిక తెచ్చుకున్న జుంటి ఒక్కటే నోరు మూసుకుని బయటికి పోయి వెతికేది. వెతగ్గా వెతగ్గా కొండ వెనక లోయలో, కందిరీగలు ఎరగని చోట ఇంకో వలిసె చేను దొరికింది. ఇంటికైతే వచ్చింది. చెప్పడమెలా? చూరు మీద కందిరీగలు అలాగే కూర్చునున్నాయి.

జుంటి పళ్ళెం అంచున వాలి ఆలోచిస్తోంది. అప్పుడే అచ్చియ్యమ్మ వత్తులు పేనుతూ మనవరాల్ని అడిగింది. "మీ నాన్న ఏడే?"

చెవులు వినపడని మామ్మకి నూకరత్నం ఎప్పుడూ ఒంటితోనే చెప్పేది. ఇప్పుడూ లేచి నిలబడింది. పడమటి వైపు తిరిగింది. నడుం ఊపుకుంటూ అటువైపు చాలా అడుగులు వేసింది. గుండ్రంగా తిరిగి మొదటి చోటికి వచ్చి మళ్ళీ అలాగే నడిచింది.

"పడమటి గట్టుకా? అంత దూరం పోయాడా?" అంది అచ్చియ్యమ్మ. "మరి మీ అమ్మో?"

నూకరత్నం పెరటివైపు తిరిగి నడుం ఒక్కసారి ఊపింది. అంతే.

"పెరట్లోనే ఉందన్నమాట" అంది అచ్చియ్యమ్మ.

జుంటి ఇదంతా కళ్ళార్పకుండా చూసింది. నూకరత్నం నోట ఒక్క మాట లేదు. ఏ వైపో తెలిసింది, ఎంత దూరమో తెలిసింది. మామ్మ పైకి అనకపోతే చూరు మీద కందిరీగలకి అడుగుల చప్పుడు తప్ప ఏమీ దక్కేది కాదు.

మర్నాడు పొద్దున్నే జుంటి గూట్లో నడుం ఊపడం మొదలుపెట్టింది. తోటి ఈగలు దానికి పిచ్చెక్కిందనుకున్నాయి. అసలు ఆ చీకట్లో సరిగ్గా కనిపిస్తే కదా. కొన్ని దగ్గరికొచ్చి మీసాలతో దాని ఒళ్ళు తడిమాయి. ఊపు తెలిసింది. కానీ ఏ వైపు? కుండలో తూర్పేది, పడమరేది? పట్టు గోడలా వేలాడుతోంది. ఉన్నదల్లా పైన, కింద.

జుంటి రాణి చెవిలో చెప్పింది. "పైకి నడిస్తే సూర్యుడి వైపు. కిందికి నడిస్తే సూర్యుడికి వెనక. పక్కకి వాలితే సూర్యుడి నుంచి అంత పక్కకి."

రాణి ఆలోచించి తలూపింది. "పైకి అంటే సూర్యుడు. ఈ ఒక్క మాట అందరికీ చెప్పండి. ఇక మాటలతో పనిలేదు" అంది.

ఆ కబురు ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. చూరు మీద కందిరీగలకి "పైకి" అన్న ముక్క వినపడింది. అవి గబగబా పైకి ఎగిరి చూశాయి. ఆకాశం తప్ప ఏమీ లేదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

మూత దగ్గర చెవి ఆనించిన నూకరత్నం కూడా ఆ మాట విన్నది. ఒక్క ఉదుటున మామ్మ దగ్గరికి పరుగెత్తింది. గుమ్మంలోంచి కనిపించే సూర్యుణ్ణి చూపించింది. తర్వాత ఇంటి కప్పు చూపించింది. రెండూ ఒకటేనని రెండు చూపుడు వేళ్ళు జోడించింది. మామ్మ చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి తీసుకొచ్చి మెల్లగా మూత తీసింది.

అచ్చియ్యమ్మ వంగి చూసింది. పట్టు మీద జుంటి నడుం ఊపుతూ నిటారుగా పైకి నడుస్తోంది. కుడివైపు తిరిగి కిందికొచ్చి మళ్ళీ పైకి. ఎడమవైపు తిరిగి కిందికొచ్చి మళ్ళీ పైకి. ఎంతసేపు ఊపిందో.

"ఎండకేసి పోవాలంటోంది" అంది అచ్చియ్యమ్మ మనవరాలి చెవిలో. "చాలా దూరం పోవాలట. కొండ దాటాలి కాబోలు. పూలు బాగా ఉన్నాయట, ఆ హుషారు చూడు."

అప్పుడే లోపలికి వచ్చిన పైడమ్మ ఆగిపోయింది. అచ్చియ్యమ్మ కోడలివైపు తిరిగింది. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి.

"పైడమ్మా, నాకు వినపడింది" అంది.

ఈగలు ఒక్కొక్కటిగా చిల్లులోంచి బయటికి వచ్చి, పొద్దుపొడుపు కేసి ఎగిరిపోయాయి. రెక్కల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

చూరు మీద ఒక కందిరీగ రెండోదాన్ని అడిగింది. "ఏమంటున్నాయవి?"

"జుమ్ అంటున్నాయి."

"ఇంకా?"

"జుమ్."

సాయంత్రానికి ఈగలన్నీ కాళ్ళ నిండా పుప్పొడితో, కడుపు నిండా తేనెతో తిరిగొచ్చాయి. లెక్కలో ఒక్కటి కూడా తగ్గలేదు. కందిరీగలు ఇంకొన్నాళ్ళు ఆ జుమ్ముని విని విని, విసుగెత్తి, ఆకలికి తాళలేక వేరే కొండకి వెళ్ళిపోయాయి.

వాటి భయం పోయాక ఈగలు మళ్ళీ మాట్లాడొచ్చు. కానీ మాట్లాడలేదు. ఊపి చెప్పిన కబురు గూటి ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళినా చెడిపోకపోవడం వాటికి నచ్చింది. వాడక వాడక మాటలు మరిచిపోయాయి. సంతలో అమ్మడానికి మళ్ళీ తేనె వచ్చింది. పైడమ్మ మాత్రం అప్పుడప్పుడూ అరుగు మీద కూర్చుని, ఎవరూ తన మీద చాడీ చెప్పడం లేదని కొంచెం వెలితిపడేది. అచ్చియ్యమ్మ రోజూ పొద్దున్నే మూత తీసి చూసి, ఇవాళ ఏ వైపు ఏం పూసిందో ఇంటిల్లిపాదికీ చెప్పేది.

అప్పటినుంచే తేనెటీగ పూలు దొరికిన రోజున అరవదు. గూటికి వచ్చి, చీకట్లో, పట్టు మీద నడుం ఊపుతూ నాట్యం చేస్తుంది. తోటి ఈగలు మీసాలతో తడిమి తెలుసుకుని, జుమ్మంటూ అటే ఎగిరిపోతాయి.