రాజుగారి స్పానిష్ ఊనిక

వెనకటికి సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని గజకేతుడనే రాజు ఏలేవాడు. స్పెయిన్ దేశపు ఓడలు రేవుకు రావడం మొదలయ్యాక ఆయనకు వాళ్ల భాష మీద మోజు పుట్టింది. కొలువులోని దుబాసీ పేరిందేవి దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని, ఇక తనంతటి పండితుడు లేడనుకున్నాడు.

ఒకనాడు నిండు సభలో ఓడ నాయకుడు అలొన్సోను చూసి, "మందో...!" అని గర్జించాడు. ఆజ్ఞాపిస్తున్నానని ఆయన ఉద్దేశం.

అలొన్సో తికమకపడి, "ఎవరు ఆజ్ఞాపించారట?" అని పేరిందేవిని అడిగాడు. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ప్రభూ, ఆ మాటలో అక్షరాలు రెండు," అంది పేరిందేవి. "మొదటి అక్షరాన్ని ఊని పలికితే 'నేను ఆజ్ఞాపిస్తున్నాను' అని. చివరిదాన్ని ఊనితే 'ఎవరో ఆజ్ఞాపించారు' అని."

రాజు ముఖం కందగడ్డయింది. "రాజు మాట చివర్న ఉరమాలి! నాకే వంకలు పెడతావా? పందెం! ఎవరి మాట సరైనదో రేపు ఈ అలొన్సోయే తీర్పు చెబుతాడు. ఓడితే నువ్వు రాజ్యం దాటాలి!"

పుట్టి పెరిగిన రేవును వదలాలంటే ఆమె గుండె కలుక్కుమంది. కానీ బెదరలేదు. రాజుగారి గొంతు మీద ఆమెకు గట్టి నమ్మకం.

మర్నాడు సభలో, "వాదమెందుకు ప్రభూ? 'ఈ పందెం నేనే గెలుస్తున్నాను' అని మీరే వారి భాషలో అనండి. అలొన్సోగారికి ఏది అర్థమైతే అదే తీర్పు," అంది.

"ఏమనాలి?"

"'గానొ' అనాలి. 'గా' మీద ఊనిక..."

"ఊనిక సంగతి నాకు చెప్పకు!" అంటూ రాజు రొమ్ము విరుచుకుని, "గనో...!" అని ఉరిమాడు.

అలొన్సో లేచి, టోపీ తీసి, పేరిందేవికి వంగి నమస్కరించాడు.

"అదేమిటి? గెలిచింది నేను కదా!"

"'ఆమె గెలిచింది' అని తమరే సెలవిచ్చారు ప్రభూ. వారి క్రియకు ఆడా మగా తేడా లేదు. పందెంలో ఉన్నది మనమిద్దరమే. తమరు కాకపోతే నేనే కదా!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా నోటితోనే నెగ్గావే!" అంటూ మెడలోని ముత్యాలహారం తీశాడు. "ఇస్తున్నాను అనాలంటే?"

"'దోయ్' ప్రభూ. ఒకటే అక్షరం. ఊనిక తప్పడానికి చోటే లేదు."

"దోయ్!" అని సభ దద్దరిల్లేలా అరిచి, రాజు హారాన్ని ఆమె చేతిలో పెట్టాడు.