తాటాకు దూరని తలుపు

"ఇవాళ తాటాకు దూరింది. రేపు కుట్ర దూరదా? వీడి చెయ్యి నరికెయ్యండి!"

ఈ మాటలు ప్రచండభూపతి గారివి. ఒకానొక రాజ్యాన్నీ, ఆ రాజ్యంలో జనం చెవుల్నీ కలిపి ఏలుతున్న మహానుభావుడు. ఆయన అరుస్తున్నది లింగాచారి అనే కంచరి మీద.

లింగాచారి చేసిన ఘోరం ఏంటంటే, రాజుగారి మంతనాల గదికి నిలువెత్తు ఇత్తడి తలుపు పోతపోసి, రాతి గుమ్మంలో నిలబెట్టాడు. కంచర్ల అలవాటు ప్రకారం అంచుల వెంట తాటాకు జొనిపి చూసుకున్నాడు. ఆకు ఆడితే పని కుదిరినట్టు. సరిగ్గా అప్పుడే రాజుగారు వచ్చారు. ఆ రాజ్యంలో ఉత్తరాలు రాసేది తాటాకుల మీదే. ఇక చూస్కోండి, ఆయన కళ్ళకి ఆ సందులోంచి శత్రువుల ఉత్తరాలు వరసగా నడిచొస్తున్నాయి.

"సందు కావాలనే వదిలా మారాజా," అన్నాడు లింగాచారి. నోరు తగ్గించే రకం కాదు. "ఎండకి ఇత్తడి ఉబ్బుద్ది. రాయి అంత ఉబ్బదు. గుమ్మం కూడా ఇత్తడిదే పెడదాం, రెండూ కలిసి ఉబ్బి కలిసి తగ్గుతాయని మొత్తుకున్నా. తమరు రాయే కావాలన్నారు. మరి పెరిగిన ఇత్తడి ఎటు పోవాలి?"

"నా ఆజ్ఞ లేకుండా నా కోటలో ఏదీ ఉబ్బదు!" అన్నారు రాజుగారు.

సభంతా తలూపింది. ఊపనిది విదూషకుడు మల్లుభట్టు ఒక్కడే.

"చెయ్యి నరకడం ఎంతసేపు ప్రభూ," అన్నాడతను. "ముందు ఆ చేత్తోనే సందు పూడ్పించండి. నరికాక అయితే ఎడంచేత్తో వంకరగా చేస్తాడు."

రాజుగారికి ఇది బాగా నచ్చింది. లింగాచారి పళ్ళు కొరుక్కుంటూ తలుపు అంచులకి ఇత్తడి పట్టీలు అతికించాడు. మర్నాడు పొద్దున్నే చల్లటివేళ చూస్తే వెంట్రుక కూడా దూరలేదు. అతన్ని తీసుకెళ్ళి చెరసాల్లో పడేశారు. చెయ్యి నరకడం సాయంత్రానికి పెట్టుకున్నారు.

"మరి కుట్ర దూరుతుందో లేదో లోపల కూర్చుని చూడొద్దా?" అన్నాడు మల్లుభట్టు. "మాలాంటోళ్ళని కూర్చోబెడితే ఏ కుట్రా రాదు. మా మీద ఎవడు చేస్తాడు? తమంత గొప్పవాళ్ళుంటేనే వస్తాయి."

రాజుగారు మీసం సర్దుకుని, తాంబూలం పళ్ళెం పట్టుకుని లోపలికెళ్ళారు. తలుపు మూశారు.

అసలే రోహిణి కార్తె. ఎండ నేరుగా తలుపు మీదే. మిట్టమధ్యాహ్నానికి లోపల తాంబూలాలు అయిపోయాయి, కుట్ర ఒక్కటీ రాలేదు. రాజుగారు తలుపు లాగారు. కదల్లేదు.

"మల్లూ! తలుపు రావట్లేదు!"

"కుట్రలేమన్నా వచ్చాయా ప్రభూ?"

"చెమట వస్తోంది! ఏనుగుతో తోయించు!"

"తోయిస్తా. తలుపు లోపలికే పడుద్ది. తమరు ఎటువైపున్నారు?"

లోపల అడుగులు గబగబా వెనక్కి వెళ్ళాయి.

"ఆ లింగాచారిని పిలు!"

"చెరసాల్లో ఉన్నాడు కదా. రాజముద్ర వేసిన తాటాకు చూపిస్తేగానీ కాపలావాళ్ళు వదలరు. తమరు పెట్టిన పద్ధతే."

"ఆకుంది, గంటం ఉంది, ముద్ర ఉంగరం వేలికే ఉంది. ఇదిగో, రాసేశా! అందుకో!"

"ఎటునించి ప్రభూ?"

రాజుగారు ఆకు పట్టుకుని పైనా కిందా పక్కనా జొనిపి చూశారు. ఎక్కడా దూరలేదు. పని అంత బ్రహ్మాండంగా కుదిరింది.

"నోటితో చెప్తున్నా! వదిలెయ్యమను!"

"నా ఒక్కడికి చెప్తే ఎలా? సాయంత్రం తమరు మర్చిపోతే పోయేది అతని చెయ్యి. కోటంతా వినేలా అనండి."

"లింగాచారి చెయ్యి లింగాచారిదే!" అని రాజుగారు పెట్టిన కేకకి లాయంలో గుర్రాలు బెదిరాయి. ఆ గొంతు రాజుగారిదేనని గుర్తుపట్టి కాపలావాళ్ళు వదిలేశారు.

లింగాచారి వచ్చి, తలుపు మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమనేసరికి లాగేసుకున్నాడు. "నీళ్ళు," అన్నాడు. వంటవాళ్ళు బిందెలకొద్దీ కుమ్మరించారు. ముందు ఆవిరి, తర్వాత టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్ళు. భుజం పెట్టి తోస్తే కిర్రుమని తెరుచుకుంది.

"చల్లబడితే తగ్గుద్ది. అరిస్తే తగ్గదు," అన్నాడు లింగాచారి, తలుపుకేసి చూస్తూనే.

తలపాగా చేత్తో పిండుకుంటూ రాజుగారు బయటికొచ్చారు. సభంతా చూస్తోంది. ఇంకేం చేస్తారు, పగలబడి నవ్వారు. మల్లుభట్టుకి శాలువా, బంగారు కడియం. లింగాచారికి తన చెయ్యి తనకే బహుమానం. పట్టీలు ఊడదీయించి, సందు మళ్ళీ పెట్టించారు.

మర్నాడు గుమ్మం పక్కన కొత్త రాతిశాసనం వెలిసింది: "ఈ సందును శ్రీ ప్రచండభూపతి వారు స్వయముగా కనిపెట్టిరి."

మీరే చెప్పండి, లోపల వచ్చిన ఆ బుద్ధి, బయటికొచ్చాక ఎంతసేపు నిలిచిందంటారు?