తువ్వాలు కింద పసుపు వజ్రం

తొలకరి జల్లు పడిందంటే చాలు, మా సీమ ఎర్రచేలల్లో మనుషులు విత్తనాల సంగతి మరిచిపోయి వంగి నడవడం మొదలుపెడతారు. వాన మట్టిని కడిగితే వజ్రం పైకి తేలుతుందని ఆశ. దొరికేది ఒకడికి, నడుం నొప్పి మిగిలేది వెయ్యిమందికి. అయినా ఏటా వస్తారు. ఆశకు సిగ్గేముంది?

మనుషుల్ని చూసి జంతువులూ అదే బుద్ధి నేర్చుకున్నాయి. బోడికొండ కింద తుప్పల్లో ఒక చిన్న మంద ఉండేది. అందరూ ఊరు వద్దనుకున్నవాళ్లే. ట్రాక్టరు వచ్చాక విడిచిపెట్టిన ఎద్దు పుల్లన్న, కుంటికాలని సంతలో ఎవరూ కొనని మేక చుక్కమ్మ, నాలుగు గొర్రెలు, ఒక గాడిద. మేతకు ఎలాగో గడిచిపోయేది. కష్టమంతా ఎండాకాలం నీళ్లతోనే.

కొండ పాదంలో ఉన్నది ఒక్కటే చెలమ. దాని మూతికి ముళ్లకంప అడ్డంపెట్టి కూర్చునేవాడు సుంకప్ప అనే నక్క. కొండమీద చిరుత దొరసానికి మెరిసే రాళ్లంటే మోజు. ఆమెకు రాళ్లు చేరవేసే దళారి ఇతనే. అందుకు బదులుగా ఆమె వేటలో మిగిలిన మాంసం, ఈ చెలమ మీద పెత్తనం అతనివి. రాయి తెచ్చినవాళ్లకు నీళ్లు, తేనివాళ్లకు ఎండిన నాలుక. కంపను నెట్టేద్దామంటే పుల్లన్నకు ఒక్క కొమ్ము విసురు చాలు. కానీ కంప వెనక దొరసాని పేరుంది. అది కొమ్ములకు లొంగదు.

బేరం కూడా సుంకప్ప పద్ధతిలోనే జరగాలి. పశువుల సంతల్లో చూసే ఉంటారు, ధర నోటితో చెప్పరు. తువ్వాలు కప్పుకుని దాని కింద చేతులు కలుపుతారు, ఎన్ని వేళ్లు చూపితే అంత. ఎదుటివాడు పట్టుకుని మూడుసార్లు "పట్టినా", అంటే ఒప్పుకున్నానని, అన్నాడంటే బేరం ముగిసినట్టే, తలకాయ పోయినా మాట పోకూడదు. సుంకప్ప కూడా చేలో ఎవరో పారేసుకున్న తువ్వాలొకటి సంపాదించుకుని, "ఒక్కో వేలికి ఒక్కో నెల నీళ్లు" అని కట్టడి చేశాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఎద్దు గిట్టకు చీలికలు రెండు, మేకకు రెండు, గొర్రెకు రెండు. గాడిదకైతే, పాపం, ఒక్కటే. ఎంత గొప్ప రాయి తెచ్చినా మందలో ఎవరూ రెండు నెలలు దాటి అడగలేకపోయారు. మా సీమ ఎండలేమో నాలుగు నెలలు.

పోయినేడు ఎండాకాలం మూడో నెలలో చుక్కమ్మ పిల్ల ఆ కంప ముందరే దాహంతో పడి చచ్చిపోయింది. ఆ మాట మందలో ఎవరూ ఎత్తరు. ఇప్పుడు చుక్కమ్మ మళ్లీ చూడితో ఉంది.

ఈ ఏడు తొలకరి పడిన మూడో రోజు పొద్దున, గట్టు పక్కన పుల్లన్న గిట్టకు ఏదో గట్టిగా తగిలింది. నాకి చూస్తే శనగ గింజంత రాయి. మామూలుగా దొరికే నీళ్లరంగు కాదు, తంగేడు పువ్వు రంగు. పొద్దెక్కేకొద్దీ దాని లోపల ఎండ నిలబడిపోయినట్టు వెలిగింది. పుల్లన్న ముసలి కళ్లు తిప్పుకోలేకపోయాడు.

"చుక్కమ్మా, ఇట్ల రామ్మా! ఇది ఏందో చూడు."

"అబ్బ, ఎంత బాగుండాది అన్నా! మొగం కడిగి పసుపు రాసుకున్నట్టుండాది," అంది చుక్కమ్మ.

రాయి వాసన నక్కకు ఎలా తెలుస్తుందో ఆ దేవుడికే ఎరుక. అంతలోనే సుంకప్ప తుప్పల్లోంచి తల బయటపెట్టాడు. రాయిని చూశాడు. ఒక్క క్షణం అతని తోక నిక్కబొడుచుకుంది. వెంటనే దాన్ని దించేసి, మూతి వంకర తిప్పాడు.

"థూ! ఏందప్పా పుల్లన్నా, ఈ కామెర్ల రాయి యాడ దొరికింది నీకు?"

"కామెర్లా?" అన్నాడు పుల్లన్న.

"మరి? వజ్రమంటే నీళ్లచుక్క మాదిరి ఉండల్ల. తెల్లరాయిలో రవ్వంత పసుపు ఛాయ కనపడితేనే యాపారులు ధర తెగ్గోస్తారు. ఇది చూడు, నిలువునా పసుపే. రోగం ముదిరిన రాయి. నీ మొగం చూసి జాలిపడి చెప్తాండా, ఒక నెల నీళ్లిస్తా. ఇచ్చేయ్."

పుల్లన్న మంచివాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఎదుటివాడు గట్టిగా చెబితే తమదే తప్పనుకుంటారు. "అంతేనా సామీ," అని అతను రాయిని ముందుకు తోయబోయాడు. చుక్కమ్మ దాని మీద కుంటికాలు పెట్టింది.

"ఉండన్నా. సుంకప్ప మామా, ఊర్లో గడపకు రాసేది ఏం రంగు? తాళి కట్టే తాడు ఏం రంగు? వాటికి లేని కామెర్లు దీనికి యాడనుంచి వచ్చినాయి?"

"మేకకు ఏం తెలుసు మేలిమి సంగతి! వద్దంటే మానుకోండి, నాకేం పోతుంది," అని సుంకప్ప విసురుగా వెళ్లిపోయాడు. పది అడుగులు వేసి వెనక్కి వచ్చాడు. "ఎంత వికారంగా ఉండాదో! ముసలోడివని రెండు నెలలిస్తా." మళ్లీ పోయాడు. మళ్లీ వచ్చాడు. "దీన్ని దొరసానికి చూపిస్తే నా మొగాన ఉమ్ముతాది. అయినా సరే, రెండు నెలలు. ఏమంటావు?"

"సాయంత్రం బేరం చేస్తాం మామా. తువ్వాలు తెచ్చుకో," అంది చుక్కమ్మ.

నక్క పోయాక పుల్లన్న దిగులుగా నేల చూశాడు. "రెండు నెలలన్నా వచ్చేటివి గదమ్మా."

"అన్నా, కుళ్లిన టమోటాలు పారబోసి ఉంటే నువ్వేం చేస్తావు? మూతి తిప్పుకొని నీ దారిన నువ్వు పోతావు. మూడుసార్లు వెనక్కొచ్చి తిడతావా? వాడు తిట్టినాడు గాని పోలేదు. ఈ రాయిలో ఏందో ఉండాది."

ఏముందో చెప్పడానికి తగినవాడు ఒక్కడే ఉన్నాడు, ఈరన్న అనే కాకి. పొద్దస్తమానం టౌన్లో వజ్రాల వ్యాపారుల ఇళ్ల రేకుల కప్పుల మీద కూర్చుని, వాళ్ల టిఫిన్లు తిని, వాళ్ల మాటలు విని బతికేవాడు. పిలవగానే వచ్చి, రాయి చుట్టూ రెండుసార్లు గెంతి, నోరు తెరిచాడు.

"అమ్మో! నిండు పసుపు! వినుకోండి చెప్తా. ఈ రాళ్లు మనిషి తవ్వలేనంత లోతులో, భూమి కడుపులో, కోట్ల ఏండ్లు ఉడికి తయారైనాయంట. అట్ల తయారయ్యేటప్పుడు నత్రజని అని, మనం పీల్చే గాలిలోనే ఉంటాదంట, అది రాయిలో ఇరుక్కుంటే రాయికి పసుపు పడతాది. రోగం గీగం కాదు, పుట్టుక రంగు. ఒకప్పుడు లోకంలో వజ్రమంటే మన దేశం నుంచే పోవల్ల. ఈ ఎర్రనేలలో, కృష్ణ ఒడ్డున తవ్వినవి రాజుల కిరీటాల దాకా పోయినాయి. అప్పట్లో పసుపు రాయి కలిసొస్తాదని యాపారస్తులు పెట్టుకునేవాళ్లంట."

"మరి రవ్వంత పసుపున్నా ధర తగ్గుతాదని నక్క అన్నాడే?" అన్నాడు పుల్లన్న.

"అది అబద్ధం కాదన్నా. అబద్ధమైతే ఎవురు నమ్ముతారు? అరకొర పసుపుంటే అలుసే. అదే ఇట్ల ముంచి తీసినట్టు నిండుగా ఉంటే, తెల్లదాన్ని దాటిపోతాది ధర. సగం నిజం చెప్పి సగం మింగినాడు వాడు." ఈరన్న గొంతు తగ్గించాడు. "ఇంగో మాట. మొన్న కొండమీద నా చెవులతో విన్నా. దొరసాని వాడిని నిలదీసింది. తెల్లరాళ్లు నా ఒంటికి నప్పల్లేదు, నా తోలు రంగుది కావల్ల, పున్నమిలోగా తేకుంటే చెలమ ఇంగొకరికి ఇస్తానని చెప్పింది."

పుల్లన్న కళ్లు పెద్దవయ్యాయి. "అయితే నాలుగు నెలలు గట్టిగా అడుగుదాం!"

"యాడ అడుగుతావు? తువ్వాలు కింద నోరుండదు, వేళ్లే ఉంటాయి," అంది చుక్కమ్మ. "నీవి రెండే."

అప్పుడు చుక్కమ్మ కళ్లు పక్కనున్న బండరాయి మీద పడ్డాయి. తొలకరికి బయటపడ్డ ముసలి రోకలిబండ పురుగు ఒకటి దాని మీద పాకుతోంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఒంటి కిందంతా కాళ్లే.

"అవ్వా!" అని పిలిచింది చుక్కమ్మ. "నీకు కాళ్లెన్ని?"

"యా తల్లీ, ఎవురు లెక్కబెట్టినారు? రెండు వందలకు తక్కువ ఉండవు."

చుక్కమ్మ ఆమెకు సంగతంతా చెప్పింది. రోకలిబండ అవ్వ భయంతో వెంటనే చుట్ట చుట్టుకుంది. చుట్టలోంచే మాట వచ్చింది. "నా బుద్ధి నీకు తెలుసు కదమ్మా. ఎవురన్నా ముట్టుకుంటే ముడుచుకుంటా. ఎంత ఆపుకుందామన్నా ఆగదు."

"ఒక్కసారి ఓర్చుకో అవ్వా."

అవ్వ మెల్లగా చుట్ట విప్పింది. "నాకు నీళ్లక్కర్లేదు, తేమ చాలు. కానీ పోయినేడు నీ బిడ్డ పడినప్పుడు నేను ఆ కంప పక్కన రాయి కిందనే ఉండా. ఆ ఏడుపు ఇంగా వినపడతానే ఉండాది. పద, వస్తా."

సాయంత్రం మంద అంతా చెలమ దగ్గర చేరింది. సుంకప్ప తువ్వాలు భుజాన వేసుకుని పెళ్లిపెద్దలా వచ్చాడు. పుల్లన్న ముందుకాలు బండ మీద పెట్టాడు. చుక్కమ్మ తువ్వాలు అందుకుని, ఎంతో మర్యాదగా దాన్ని కాలి మీద పరిచింది. పరుస్తూ పరుస్తూ, తన చెవి మాటున దాచుకొచ్చిన అవ్వను గిట్ట ముందర పొడుగ్గా పడుకోబెట్టింది.

"సుంకప్ప మామా, నువ్వు ఈ రాయి నీకోసం కొంటాండావా?" అంది.

"నాకెందుకు? నేను దొరసాని దళారిని. నా చెయ్యి ఆమె చెయ్యే. అదే సంత పద్ధతి."

"అమ్మేవాడికి కూడా దళారి ఉండొచ్చా?"

"ఉండొచ్చు, నా వరకు ఎవురైనా ఒకటే!" అని నవ్వాడు సుంకప్ప. మందలో అందరివీ గిట్టలే కదా, ఎవరు పెట్టినా రెండే అని అతని ధీమా. పైగా అంతమంది ముందు దొడ్డతనం చూపించుకోవాలని సరదా పుట్టింది. "అందరూ వినండి! ముసలోడి మీద జాలితో ఈ పొద్దు బేరమే ఆడను. ఎంత చూపితే అంత. మారు మాట లేదు!"

తువ్వాలు కిందికి చెయ్యి పెట్టాడు. పంజా అవ్వ వీపు మీద పడింది. ప్రాణం ముడుచుకొమ్మంది, ఆమె ముడుచుకోలేదు. ఒక్కో కాలూ బండకు పట్టి బిగబట్టింది.

"పట్టినా!" అన్నాడు సుంకప్ప. "పట్టినా! పట్టి..." చేతికింద ఏదో చక్కిలిగింతలు పెడుతోందని అప్పుడు తెలిసింది. కానీ నోరు అలవాటు మీద ఉంది. "...నా!"

చుక్కమ్మ తువ్వాలు లాగేసింది. అతని పంజా కింద రోకలిబండ అవ్వ బారులు తీరిన కాళ్లతో నిలబడి ఉంది. గాడిద అందరికంటే ముందు నవ్వింది. ఇన్నేళ్లుగా ఒక్క నెలకే మోసపోయింది అదే కదా.

"మోసం! ఇది ఎద్దు గిట్ట కాదు!" అని సుంకప్ప ఎగిరాడు.

"మా దళారి మామా. మా అవ్వ చెయ్యి పుల్లన్న చెయ్యే. సంత పద్ధతి నువ్వే చెప్తివి," అంది చుక్కమ్మ. "ఎన్ని నెలలో లెక్కబెట్టుకో. తొందరేం లేదు."

"నాకు మీ రాయే వద్దు పోండి! కామెర్ల రాయి!"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ పోటు ఈరన్న వేశాడు. కొమ్మ మీద రెక్కలు సర్దుకుంటూ, "సరే, నేను కొండెక్కి దొరసానికి చెప్పొస్తా. అమ్మా, నీ తోలు రంగు రాయి దొరికింది, మన సుంకప్ప అది కామెర్ల రంగని వద్దన్నాడు అని."

సుంకప్పకు చెమటలు పట్టాయి. తన తోలు రంగును రోగమన్నవాడిని చిరుత ఏం చేస్తుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. "వద్దు ఈరన్నా, వద్దు నాయనా," అని కూలబడి, అవ్వ కాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. రెండు వందల ఆరు. నెలకు ఒకటి చొప్పున, యాభై ఎండాకాలాలు దాటి నీళ్లు. పుల్లన్న రాయిని చివరిసారి చూసుకుని, మనసారా ముందుకు తోశాడు. సుంకప్ప దాన్ని నోట కరుచుకుని కొండెక్కాడు. దొరసాని ఆ రాయిని మెడ దగ్గర పెట్టుకుని మురిసిపోయిందని, చాలా రోజులు వేటకే పోలేదని ఈరన్న చెప్పాడు. వేట లేకపోతే మిగులూ లేదు కాబట్టి సుంకప్ప బాగా చిక్కిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. మూడో నెలా వచ్చింది. పొద్దున్నే సుంకప్ప తన పళ్లతోనే ముళ్లకంప పక్కకు లాగి, తల తిప్పుకుని నిలబడ్డాడు. చుక్కమ్మ పిల్లలు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ చెలమలోకి మూతులు ముంచాయి. కడుపు నిండినా మానకుండా, ముక్కుల్లోకి నీళ్లు పోయి తుమ్మేదాకా తాగాయి. చుక్కమ్మ చూస్తూ నిలబడింది. తనకు దాహమేస్తోందన్న సంగతే ఆమెకు గుర్తు రాలేదు.

నీతి: సరుకును తిట్టేవాడి నోరు కాదు, తిట్టి కూడా కదలని వాడి కాళ్లు చూడాలి, విలువ అక్కడ తెలుస్తుంది.