దివానుగారి పంచె

ఏ రాజ్యమైతేనేం గానీ, అక్కడి దివాను వామదేవయ్యకి తలకన్నా తలపాగా పెద్దది. ఆయన బావమరిది అద్దకం తొట్లలోని నీలి మురుగంతా వాగులోకి వదిలేవాడు. ఆ నీళ్లతో పిల్లల ఒళ్లంతా పుండ్లు లేస్తున్నాయని దిగువ పేట జనం మొరపెట్టుకుంటే, దివాను పల్లకీ కూడా దిగకుండా, "నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఇదే నా తీర్పు!" అన్నాడు.

కోట బట్టల్ని ఆ తొట్లకి ఎగువన ఉతకడం ఆనవాయితీ. దిగువ పేటలో బట్టలుతికే సూరాలు మాత్రం, "ఈసారి దిగువనే ఉతుకుదాం. ఒక్కరు చేస్తే కొరడా దెబ్బలు. అందరం చేస్తే ఎంతమందిని కొడతారు?" అని పేటలో ఇంటింటికీ తిరిగి ఒప్పించింది. బట్టలన్నీ నీలి మరకలతో కోటకి చేరాయి.

దివాను పేటవాళ్లందర్నీ కొలువుకి ఈడ్పించి, రాజుగారి ఎదుట తన మరకల పంచె విసిరికొట్టాడు. "ఏమిటే ఈ నీలం?"

"తమరు శుభ్రమన్న నీళ్లలోనే ఉతికాం బాబూ. నీళ్లలో మురికి లేదంటే, అది తమ ఒంట్లోంచే దిగుంటుంది," అంది సూరాలు.

రాజు నవ్వాపుకుంటూ, "తేల్చవయ్యా, మురికి నీళ్లదా, నీదా?" అన్నాడు.

"నీళ్లదే ప్రభూ," అని దివాను గొణిగాడు. తొట్లు ఆ పూటే మూయించారు.

సూరాలు పంచె తీసి ఆయన భుజాన వేసింది. "పిల్లల ఒంటిమీది పుండ్లు ఆనని కళ్లకి, పంచెమీది మరక ఎంత బాగా ఆనింది బాబూ!"