తిప్పక్క వాటా

రాజులకు గుర్రాలూ మనకు కాళ్లూ ఉన్న కాలంలో, ఒకానొక మెట్ట పల్లెలో తిప్పక్క అనే ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా వాలు అడుగున ఒక్క కొర్రచేను. ఏటా వానొచ్చి ఆ చేనిమన్ను కాస్త కాస్త కోసుకుపోయి వంకలో కలిపేది. ఇంకొక్క పెద్ద వాన పడితే రాయే మిగులుతుంది. రాయి దున్నుకుని ఎవరు బతుకుతారు?

సంతలో ఎవరో అన్నారు, "చేలకు గట్లు వేసుకునేవాళ్లకు దివాణం వాళ్లు రాళ్లిస్తారంట, కూలికి గింజలిస్తారంట."

"ఎవర్నడగాలి నాయనా?"

అది మాత్రం ఎవరికీ తెలీదు. ఇస్తారని ఊరంతా చెబుతుంది, ఎక్కడిస్తారో ఒక్కడూ చెప్పడు!

తిప్పక్క సద్ది కట్టుకుంది, నడిచింది. కరణం, "నాకేం తెలుసు, అమల్దారునడుగు" అన్నాడు. మళ్లీ సద్ది కట్టుకుంది, మళ్లీ నడిచింది. అమల్దారు తలెత్తకుండానే, "మా పని కాదు. ఏటి అవతల గుడారంలో గట్ల అధికారి ఉంటాడు, పో" అన్నాడు. మళ్లీ సద్ది కట్టుకుంది, మళ్లీ నడిచింది.

గట్ల అధికారి మంచివాడే. అంతా విన్నాడు. "అవ్వా, నీ ఒక్క చేనుకు గట్టు వేస్తే పైనీళ్లొచ్చి తోసేస్తాయి. పైచేను నుంచే మొదలుపెట్టాలి. వాలు మీది ఏడు చేలవాళ్లనూ ఒప్పించుకుని రా."

పైచేను ఓబులేసుది. ఎద్దు బేరం దగ్గర తగువై పన్నెండేళ్లుగా తిప్పక్కకూ వాడికీ మాటల్లేవు. చచ్చినా వాడి గడప తొక్కనని పదిమందిలో ఒట్టు పెట్టుకుంది కూడాను.

తొక్కింది.

"ఓబులేసూ, నీ చేను దగ్గరే మొదలుపెడతారంట. ఊఁ అను."

"నా చేను కోసం నువ్వు తిరగడమేంది? ఏందీ మతలబు?"

"నీ మీద ప్రేమ కాదులేరా. నీ నీళ్లే నా మన్ను ఎత్తుకుపోతున్నాయి."

ఓబులేసుకు నవ్వొచ్చింది. ఊఁ అన్నాడు. వాడు ఊఁ అంటే మిగతా అయిదుగురూ ఊఁ అన్నారు.

పైనుంచి పని మొదలైంది. ఒక్కో చేనూ దిగుతూ ఆరు చేలకు గట్లు పడ్డాయి. ఏడోది తిప్పక్కది, రేపు మొదలుపెట్టాలి. ఆ సాయంత్రమే కుండపోత వాన. ఆరు గట్లూ నిలిచాయి. వాటి మీంచి పొర్లిన నీళ్లన్నీ తిప్పక్క చేలో పడి, ఉన్న మన్నంతా ఊడ్చుకుపోయాయి.

తెల్లారి ఓబులేసు వచ్చేసరికి ఆమె రాయి మీద కూర్చుని ఉంది.

"నీ మన్ను నిలిచిందా?" అంది.

"నిలిచిందక్కా."

"పోనీలే" అంది. అని, భోరున ఏడ్చింది.

ఓబులేసు తన చేలోంచి తట్టెడు మన్ను మోసుకొచ్చి ఆ రాయి మీద పోశాడు. అది చూసి తక్కినవాళ్లూ తట్టలెత్తారు. విత్తే కార్తె దాటకముందే విత్తనం పట్టేంత మన్ను పడింది, ఏడో గట్టూ పడింది. కొర్ర వెన్ను వేసింది గానీ, కోత చూడ్డానికి తిప్పక్క లేదు.

ఇప్పటికీ ఆ పక్క పల్లెల్లో గట్ల పని వస్తే, గునపం పట్టకముందు పైచేలవాళ్లు తలా ఒక తట్ట మన్ను అడుగు చేనుకు మోస్తారు. కొత్తగా వచ్చిన అధికారి ఎవరైనా, "పని పైన పెట్టుకుని కిందికి పోతారేమయ్యా?" అని కసురుకుంటే, "కాసేపాగు దొరా, తిప్పక్క వాటా పోసొస్తాం" అంటారు.