కరాళమీన నిగ్రహం

పూర్వం కృతయుగం చివరి రోజుల్లో, దక్షిణసముద్రతీరాన శుక్తిమంతమనే అఖాతాన్ని ఆనుకుని ఉన్న రాజ్యాన్ని వేలాధరుడనే రాజు ధర్మం తప్పక పాలిస్తున్న కాలంలో, ఆ అఖాతం నడుమ నీళ్ళలోంచి పైకి లేచిన నల్లరాతి తిన్నె మీద ఔదన్వతుడనే మహర్షి తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. ఆయన జితేంద్రియుడు, కరుణార్ద్రహృదయుడు. అన్నిటినీ మించి సత్యవాక్కు కలవాడు. ఒకసారి ఆయన నోట వెలువడిన మాటను దేవతలే కాదు, ఆయన కూడా వెనక్కు తీసుకోలేడు.

ఒకనాటి మధ్యాహ్నం ఆ మహర్షి అర్ఘ్యమివ్వడానికి నీటి అంచుకు దిగినప్పుడు, మూరెడు పొడవైనా లేని సొరపిల్ల ఒకటి, మొప్పల దగ్గర నెత్తురు కారుతుండగా, వెనుక తరుముకొస్తున్న పెద్ద చేపలను తప్పించుకోలేక ఆయన పాదాల మధ్య దూరి, శరణు శరణని వేడుకుంది. దాని వణుకు తన కాళ్ళకు తెలుస్తూ ఉంటే ఆ దయాళువు మనసు కరిగిపోయింది. దోసిట్లోకి తీసుకుని, కమండలజలం చిలకరించి, "నాయనా, ఇక భయపడకు. నీ వీపు ఆకాశానికి ఎదురుగా ఉన్నంతకాలం ఈ అఖాతంలో నిన్ను చంపగలవారు ఎవ్వరూ ఉండరు" అని అభయమిచ్చాడు. చేప అన్నాక వీపు పైకే ఉంటుంది కదా అనే ఆలోచనతో అన్న మాట అది. ఆ తరువాత ఆయన తిన్నె మీదికి వెళ్ళి పద్మాసనం వేసుకుని సమాధిలోకి వెళ్ళిపోయాడు. పన్నెండు సంవత్సరాలు కళ్ళు తెరవలేదు.

తెరిచేసరికి ఎదురుగా ఒక పడవ ఉంది. అందులో కిరీటం లేకుండా, ఉత్తరీయం నడుముకు చుట్టుకుని వేలాధర మహారాజు నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె పేరు తరళ. ముత్యపు చిప్పల కోసం సముద్రం అడుగుకు మునిగే కులంలో ఆమెది పెద్ద ఇల్లు.

రాజు సాష్టాంగపడి జరిగినదంతా విన్నవించాడు. ఆ సొరపిల్ల పెరిగి పెరిగి పడవను మించిన దేహంతో, మూడు వరుసల కోరలతో కరాళుడనే పేరు తెచ్చుకున్నాడనీ, మొదట చేపలను, ఆపైన తాబేళ్ళను, చివరికి నీళ్ళలో మునిగే మనుషులను తినడం మరిగాడనీ, తాను వేయించిన ఈటెలు వాడి చర్మానికి తగిలి వంగిపోయాయనీ, పన్నించిన వలలు సాలెగూళ్ళలా తెగిపోయాయనీ, ఇప్పటికి నలభై ఇద్దరు ఈతగాళ్ళు పోయారనీ, మిగిలినవాళ్ళు పిల్లాపాపలతో ఊరు విడిచి అడవుల దారి పడుతున్నారనీ చెప్పాడు. ప్రతిసారీ ఆ దుష్టుడు నీటిపైకి తల ఎత్తి, ఇది ఔదన్వతుడిచ్చిన వరమని చాటి మరీ మునుగుతున్నాడట.

మహర్షి తరళ వైపు చూశాడు. ఆమె చేతులు జోడించలేదు.

"నా పెనిమిటిని నా కళ్ళముందే పట్టుకుపోయింది సామీ" అందామె. "పైనున్న తాడు నా చేతుల్లోనే ఉంది. లాగితే తాడొక్కటే వచ్చింది. మాకు వరాలేమీ వద్దు. తమరు కళ్ళు మూసుకుని కూర్చున్నారు, మేం నీళ్ళలోకి దిగాం. మా సముద్రం మాకు ఇప్పించండి, చాలు."

రాజు ఆమెను వారించబోయాడు. మహర్షి చేయెత్తి రాజునే వారించాడు. ఆ మాటలో ఒక్క అక్షరమైనా తప్పు లేదని ఆయనకు తెలుసు.

అప్పుడాయన కంఠం లోతు నీళ్ళలో నిలిచి వరుణదేవుని ధ్యానించగా, ఆ పాశహస్తుడు, జలచరాలకు ఏలికైన యాదసాంపతి, పడమటి అలల మీద ప్రత్యక్షమయ్యాడు. మహర్షి తన పొరపాటును దాచకుండా ఒప్పుకుని ఉపాయం అడిగాడు. నీ సత్యవాక్కుకు నేనూ బద్ధుడనే కనుక నా పాశం వాడి మీద పనిచేయదని వరుణుడు చెప్పి, అయితే దక్షిణాన మంచు తేలే నీళ్ళలో నలుపూ తెలుపూ కలిసిన దేహాలతో తిరిగే తిమింగిలకులం ఒకటి ఉన్నదనీ, ఆ కులంలో తండ్రులు కాక అమ్మమ్మలే ఏలికలనీ, వారందరికీ పెద్దయైన ధవళపార్శ్వను పంపుతాననీ పలికి అంతర్ధానమయ్యాడు.

మూడవనాటి ఉదయం అఖాతం ముఖద్వారాన పదకొండు నల్లని రెక్కలు నీటిని చీలుస్తూ కనిపించాయి. ముందున్న రెక్క అంచు చిరిగి ఉంది. ఆమే ధవళపార్శ్వ. కంటి వెనుక తెల్లని మచ్చతో, ఎనభై ఏళ్ళ వయసుతో, కూతుళ్ళూ మనుమరాళ్ళూ ఇరుపక్కలా నడువగా తిన్నె దగ్గరికి వచ్చి, నీటిధారను ఆకాశంలోకి విడిచి మహర్షికి నమస్కరించింది.

"మునీంద్రా, సొరజాతికి ఒక మర్మం ఉంది" అని ఆమె చెప్పింది. "వాటిని వెల్లకిల తిప్పి పట్టుకుంటే ఒళ్ళు తెలియక కొయ్యలా బిగుసుకుపోతాయి. ఎంతటి సొరకైనా ఇది తప్పదు. అప్పుడు వాడి వీపు ఆకాశం వైపు ఉండదు, మీ మాటా చెడదు. కానీ వాడు మీ శరణాగతుడు. మీరు సరేనంటే తప్ప నా కోర వాడి మీద పడదు. మేం ఈ దారిన పోతున్నప్పుడు వాడు నా మనుమరాలి తొలిచూలు బిడ్డను తిన్నాడు. పగ లేదని మీతో అబద్ధం చెప్పలేను."

ఔదన్వతుడు ఆనాడంతా ఆహారం ముట్టక, జపమాల తిప్పక, నీటిని చూస్తూ కూర్చున్నాడు. చంపమంటే శరణన్నవాణ్ణి చంపించిన పాపం. వద్దంటే నలభై ముగ్గురు, నలభై నలుగురు. సాయంకాలానికి ఆయన ఒక నిశ్చయానికి వచ్చి ధవళపార్శ్వను పిలిచి, మొదట తానే కరాళుణ్ణి కలుసుకుని అఖాతం విడిచి పొమ్మని చెబుతాననీ, వినకపోతే ఏ విధంగా చావు వస్తుందో కూడా వాడికి చెప్పేస్తాననీ అన్నాడు.

 మర్మం తెలిస్తే వాడు జాగ్రత్తపడతాడనీ, అప్పుడు పోయేది తన బిడ్డల ప్రాణాలేననీ ఆ వృద్ధమాత నెమ్మదిగా చెప్పింది.

"నిజమే తల్లీ" అన్నాడు మహర్షి. "కానీ ఏమీ తెలియనివాణ్ణి నేనే పట్టిస్తే, నేనిచ్చిన అభయం అభయం కాదు, ఎర అవుతుంది. ఈ ఒక్కటీ నన్ను అడగవద్దు."

ఆమె సరేననలేదు, కాదనలేదు. ఆయన వాణ్ణి పిలిచాక అఖాతం ముఖద్వారం దగ్గర ఒక్క గడియ ఆగుతానని మాత్రం చెప్పి కులాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

మరునాడు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ మహర్షి రొమ్ముల లోతు నీటిలోకి దిగి కరాళుణ్ణి పేరుపెట్టి పిలిచాడు. దూరంగా పడవలో రాజూ తరళా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కొంతసేపటికి నీటి రంగు మారింది. అడుగున కొండనీడ లాంటిదొకటి కదిలి, తిన్నెను ఒకమారు చుట్టి, రెండవమారు మరింత దగ్గరగా చుట్టి, మహర్షికి బారెడు దూరంలో తల పైకెత్తింది.

"తండ్రీ, పన్నెండేళ్ళకు గుర్తొచ్చానా" అన్నాడు కరాళుడు.

మహర్షి మెత్తని మాటలతో మొదలుపెట్టి, ఈ అఖాతం విడిచి నడిసముద్రానికి పొమ్మనీ, అక్కడ సముద్రధర్మం ప్రకారం బతకమనీ, ముఖద్వారాన నలుపూ తెలుపూ కలిసిన సితాసిత తిమింగిలాలు కాచుకుని ఉన్నాయనీ, అవి వాణ్ణి వెల్లకిల తిప్పుతాయనీ, అలా తిరగబడ్డ క్షణాన తన అభయం వాణ్ణి కాపాడలేదనీ, ఏదీ దాచకుండా చెప్పాడు. తాను సరేనంటే తప్ప ఆ తల్లి వాణ్ణి ముట్టదనీ, తాను మాటిస్తే దారి విడుస్తుందనీ చెప్పాడు.

కరాళుడు కదలకుండా విన్నాడు. ఆ నల్లని కళ్ళలో ఏ భావమూ లేదు.

"నన్ను తిప్పగలవాళ్ళు ఇంకా పుట్టలేదు" అన్నాడు. "కానీ తండ్రీ, మీరు చెప్పినదాంట్లో ఒకటి నాకు అర్థమైంది. మీరు సరేనంటే తప్ప వాళ్ళు నన్ను తాకరు. సరేననడానికి మీరంటూ ఉండాలి కదా."

ఆ మాట ముగియకముందే నీళ్ళు పగిలాయి. మహర్షి కాలు కదపలేదు. మూడు వరుసల కోరలు ఆయన ఎడమ భుజం మీద పడి, వల్కలాన్నీ దాని కింది కండనూ చీల్చుకుని పోయాయి. చుట్టూ నీరు ఎర్రబడింది. పడవలో తరళ లేచి నిలబడి తెడ్డు అందుకుంది. కరాళుడు దూరంగా వెళ్ళి వెనక్కు తిరిగాడు. రెండవమారు గురి తప్పేది కాదు.

వాడు తోక విదిల్చిన క్షణంలోనే పక్కనుంచి, లోతుల్లోనుంచి, పిడుగులాంటి దెబ్బ ఒకటి వాడి డొక్కలో తగిలింది. ధవళపార్శ్వ గడియ పూర్తి కాకముందే వచ్చేసింది. వాడు గిర్రున తిరిగి ఆమె రెక్కను కరిచాడు. ఆమె విడిపించుకోలేదు. కరిచిన నోటితో సహా వాణ్ణి పైకెత్తగా, ఇద్దరు కూతుళ్ళు చెరొక పక్కరెక్కనూ పట్టి మెలితిప్పారు. అఖాతమంతా సుడులు తిరిగింది. ఒకసారి వాడు విదిలించుకున్నాడు, ఒక కూతురు నెత్తురు చిమ్ముతూ పక్కకు పడిపోయింది. ఆమె చోటులోకి మనుమరాలు దూకింది. రెండవమారు తిప్పారు. తెల్లని కడుపు, ఇంతకాలంలో ఎన్నడూ ఎండ చూడని కడుపు, సూర్యునికి ఎదురైంది. కరాళుడి దవడలు సడలాయి. తోక నిలిచిపోయింది.

"మునీంద్రా, ఇక చెప్పండి" అంది ధవళపార్శ్వ. "ఊపిరి తీసుకోవడానికి నేను పైకి లేవాలి. ఎక్కువసేపు పట్టలేను."

మహర్షి నెత్తురోడుతూ ఈదుకుంటూ దగ్గరికి వచ్చాడు. అప్పుడు ఆ కొయ్యబారిన దేహంలోనుంచి సన్నని స్వరం వినిపించింది. "శరణు తండ్రీ."

పన్నెండేళ్ళనాడు విన్న మాటే.  అలలు వాణ్ణి మెల్లగా పక్కకు తిప్పుతున్నాయి, ఆ వృద్ధమాత దేహం బరువుకు వణుకుతోంది. అయినా ఆయన తొందరపడలేదు.

"నాయనా, ఆనాడు నిన్నేమీ అడగకుండానే ఇచ్చాను. ఈనాడు అడుగుతున్నాను. వదిలిపెడితే ఏం చేస్తావు?"

 జవాబు సన్నగా వచ్చింది. "మళ్ళీ తింటాను. ఒట్టి ఆకలే అయితే చేపలతో తీరేది. ఎవరికీ భయపడనక్కరలేదనేది మరిగాను తండ్రీ, అది తీరేది కాదు."

ఔదన్వతుడి కళ్ళవెంట నీళ్ళు కారాయి. అది తానిచ్చినదే. కుడిచేతిని ఆ తెల్లని కడుపు మీద ఉంచి, "నీవు నిజం చెప్పావు. ఈ దేహానికి నేనిచ్చిన అభయం దీని వీపుతోనే తీరింది. నీ జీవుడికి ఇప్పుడు ఇస్తున్నాను. ఇటుపైన ఏ లోకానికి పోయినా, ఈ నలభై ఇద్దరి పాపం నీతో పాటు నేనూ మోస్తాను" అని, తలతిప్పకుండానే, "తల్లీ, కానివ్వు" అన్నాడు.

ధవళపార్శ్వ వాడి రెక్కల మధ్య ఒకే గాటు పెట్టింది. ఆ మహాదేహంలో కాలేయాన్ని మాత్రం వెలికితీసి, తాను ముట్టకుండా, గాయపడిన కూతురికి మొదట పెట్టి, తరువాత అందరికీ పంచింది. మిగిలిన దేహం అఖాతం అడుగున ఉన్న జీవకోటికి ఆహారంగా మెల్లగా దిగిపోయింది.

ఆ నెత్తుటి వాసన నడిసముద్రం దాకా పాకింది. వరుణదేవుడు దివ్యాభరణాలతో ప్రత్యక్షమై, మహర్షి భుజాన్ని తాకి గాయం మాన్పి, ఇద్దరినీ వరాలు కోరుకొమ్మన్నాడు. ధవళపార్శ్వ తన కులానికి సొరలు ఆహారం కావాలనీ, ఎంత పెద్ద సొరయైనా తమ ముందు నిలువరాదనీ కోరింది. ఆ దిక్పాలకుడు తథాస్తు అన్నాడు. అప్పుడే కోరలు తడిసిన ఆమె మనుమరాళ్ళు ముఖద్వారం వైపు తిరగడం మహర్షి చూశాడు. ఆ ఉరవడిలో సముద్రంలో సొర అన్నది మిగలదని గ్రహించి చేతులు జోడించాడు.

"స్వామీ, అభయమిచ్చి ఒకణ్ణి చెరిచాను. వాడి జాతికి భయాన్ని వరంగా ఇప్పించండి. ఈ తల్లుల గాలి సోకితే చాలు, సొరలు ఆ నీళ్ళు విడిచి దూరంగా పోయి బతకాలి."

వరుణుడు ఒక్క క్షణం ఆలోచించి చిరునవ్వు నవ్వాడు. అదీ ఇచ్చాడు. ధవళపార్శ్వ తల వంచింది. నాటినుంచి సితాసిత తిమింగిలం ఒక్కటి అఖాతంలో అడుగుపెడితే చాలు, సొరలన్నీ ఆ పూటే ఖాళీచేసి వెళ్ళి, నెలల తరబడి అటు తొంగిచూడవు.

తిమింగిలాలు దక్షిణానికి మరలిపోయాక కూడా ఈతగాళ్ళెవ్వరికీ నీళ్ళలో దిగే ధైర్యం చాలలేదు. వారం రోజులు పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఎనిమిదవనాడు తరళ నడుముకు తాడు కట్టుకుని, ఆ కొసను వేలాధర మహారాజు చేతికే ఇచ్చి మునిగింది. తాడు జారుతూ పోయింది, ఆగింది. ఒడ్డున జనమంతా లేచి నిలబడ్డారు.  లాగుదామా అని రాజు మహర్షి వైపు చూస్తే, మహర్షి కళ్ళు నీటిమీదే ఉన్నాయి, ఒక్క రెప్పపాటుకైనా మూసుకోలేదు.

ఆమె తల పైకి వచ్చింది. కొంగులో ఐదారు చిప్పలున్నాయి. పడవ అంచు పట్టుకుని ఊపిరి కూడదీసుకుని, "అడుగున నీళ్ళు తేటగా ఉన్నాయి దొరా" అంది. ఒడ్డున ఒక్కొక్కరే పడవలు తోయడం మొదలుపెట్టారు.

ఈ కరాళమీన నిగ్రహాన్ని భక్తితో విన్నవారిని జలభయం బాధించదనీ, సముద్రం మీద పనిచేసేవారు క్షేమంగా ఇల్లు చేరుతారనీ, ఇతరులకు మాట ఇవ్వబోయే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించే బుద్ధి వరుణదేవుడు వారికి అనుగ్రహిస్తాడనీ పెద్దలు చెబుతారు.