సరంగు మెడలో ఈల

సుచరిత బల్లమీద ఆ ఉదయం రెండే వస్తువులున్నాయి. ఒకటి సంతకం చెయ్యాల్సిన నివేదిక. రెండోది ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టిన గుడ్డముక్క. పాత తువ్వాలు అంచు నుంచి చించిన ముక్క అది. నీలం గీతలు వెలిసిపోయాయి.

నివేదిక సాయంత్రం అయిదింటికల్లా విచారణ సంఘానికి అందాలి. అందులో ఒక్క గడి ఖాళీగా ఉంది. ప్రమాదానికి కారణం. అక్కడ ఏం రాయాలో ఆమెకి తెలుసు. క్రేను డ్రైవరు ఎల్లాజీ నిర్లక్ష్యం. అది రాస్తే అతని ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. రాయడానికి ఆమెకి చెయ్యి ఆడక కాదు. ముందు గురువుగారికి ఒక మాట చెబుదామని ఆగింది, అంతే.

గురువుగారంటే సుభానీ సరంగు. సరంగంటే ఓడలో డెక్కుమీద పనిచేసేవాళ్ళకి పెద్ద. నలభై ఏళ్ళు ఓడల్లో తాళ్ళతోనూ గొలుసులతోనూ కాలం గడిపి, ఒడ్డున దిగాక మా రేవులో కొత్తవాళ్ళకి పని నేర్పుతున్నాడు. రేవు భద్రతమీద పరిశోధన చేసే మా కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్ద చదువు చదివొచ్చినా మొదటి ఏడాది సరంగు దగ్గర తాడు పట్టాల్సిందే. సుచరిత డాక్టరేటు పట్టాతో వచ్చి ఏడాది పొడుగునా అరచేతులు బొబ్బలెక్కించుకుంది. అప్పటినుంచి ఆయన్ని గురువుగారనే పిలుస్తుంది.

ఆయన మెడలో నల్లతాడుకి ఒక ఇత్తడి ఈల వేలాడుతుంటుంది. ఆయన దాన్ని ఊదగా మేమెవరమూ వినలేదు. "దానికి నోరు పడిపోయినట్టుంది సరంగు గారూ, డాక్టరుకి చూపించకూడదా" అని మావాళ్ళు ఆటపట్టిస్తే, నవ్వి చొక్కాలోకి తోసేసుకునేవాడు. ఒకప్పుడు ఆయన కింద ఓడలో పనిచేసిన క్రేన్ల ఫోర్మను బంగార్రాజు ఒక్కడే ఆ హాస్యానికి నవ్వేవాడు కాదు. ఎందుకో మేమూ అడగలేదు.

పది రోజుల కిందట మా రేవులో తవిటయ్య చనిపోయాడు.

ఓడమీదున్న కంటైనర్ పెట్టెల్ని క్రేను ఎత్తి ఒడ్డుకి తెస్తుంది. ఒక్కో పెట్టె అడుగున నాలుగు మూలలా నాలుగు ఇనుప తాళాలుంటాయి. పెట్టెని లారీమీద పెట్టేముందు నడుమెత్తున గాల్లో ఆపితే, ఇద్దరు మనుషులు దగ్గరికెళ్ళి ఆ తాళాలు విప్పుతారు. విప్పి పసుపుగీత వెనక్కి వచ్చి చెయ్యెత్తుతారు. అప్పుడు పెట్టె దిగుతుంది. డ్రైవరు కూర్చునే అద్దాల గది నలభై మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణించి కింది మనుషులు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు. తవిటయ్య ఆ రోజు చెయ్యెత్తాక, ఒక తాళం ఇంకా ఊడలేదని గుర్తొచ్చి మళ్ళీ వెనక్కెళ్ళాడు. పెట్టె దిగింది.

అలాంటివాళ్ళని కాపాడ్డానికే సుచరిత మూడేళ్ళు కష్టపడింది. క్రేను కింద మనిషి కనిపిస్తే చాలు, పైన డ్రైవరు చెవి పక్కన హారన్ గొట్టం మోగేలా ఒక యంత్రం తయారుచేసింది. పరీక్షల్లో అది నూటికి నూరుసార్లు మనిషిని పట్టుకుంది. పెద్ద సదస్సులో ఆ అంకె తెరమీద పడగానే జనం లేచి చప్పట్లు కొట్టారు. తవిటయ్యనీ అది పట్టుకుంది. పదకొండు సెకన్లు మోగినట్టు రికార్డులో ఉంది. కానీ ఎల్లాజీకి వినపడలేదు. మోగే గొట్టంలో తువ్వాలు ముక్క కుక్కి ఉంది.

"నా యంత్రం తన పని తను చేసింది గురువుగారూ. మనిషే చెయ్యలేదు" అంది సుచరిత, తన గదికి వచ్చిన సరంగుతో.

సరంగు సంచి అందుకుని గుడ్డని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బిగించిన ఎన్నాళ్ళకి కుక్కాడు?"

"అడగలేదు."

"నువ్వు పైన ఎంతసేపు కూర్చున్నావు తల్లీ?"

"పరీక్షలప్పుడు గంటో, రెండు గంటలో. అన్నీ కింద తెరమీద కనిపిస్తాయి కదా. కూర్చోవాల్సిన పని పడలేదు."

సరంగు గోడ గడియారం వంక చూశాడు. ఏడున్నర.

"సాయంత్రానికి చాలా పొద్దుంది. ఇవాళ ఈ పూట పైన కూర్చో. మోగినప్పుడల్లా కిందికి చూడు. ఎవరున్నారో పైకి చెప్పు. చెప్పాకే మీట నొక్కి మోత ఆపు. అంతకన్నా పనేం లేదు."

ఇంత చిన్న పనికి తనెందుకని ఆమెకి అనిపించింది. గురువుమాట కాదనలేక బయల్దేరింది. క్రేను లిఫ్టు దగ్గర సరంగు బంగార్రాజుతోనూ ఆ పూట డ్రైవరుతోనూ రెండు ముక్కలు మెల్లగా మాట్లాడటం చూసింది కానీ, ఏమిటని అడగలేదు.

మొదటి గంట ఆమె పద్ధతిగానే చేసింది. గొట్టం మోగగానే కాళ్ళకింది అద్దంలోంచి వంగి చూసేది. "ఇద్దరు. తాళాలు విప్పుతున్నారు" అనేది. నొక్కేది. మళ్ళీ పెట్టె, మళ్ళీ మోత. "ఇద్దరు. తాళాలే." నొక్కేది. రెండు నిమిషాలకో పెట్టె వస్తోంది. ప్రతి పెట్టెకీ తాళాలు విప్పాలి. విప్పాలంటే మనిషి వెళ్ళాలి. మనిషి వెళ్తే మోగాలి. అలా మోగాలనే ఆమె దాన్ని తయారుచేసింది. ఎక్కువ మోగితే నష్టమేముంది, తక్కువ మోగితే కదా ప్రమాదం అనుకుంది అప్పట్లో.

మధ్యలో ఒకసారి టార్పాలిన్ గాలికి లేచి మోగింది. లారీడ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెడితే మోగింది. ఒక కొంగ వచ్చి వాలితే దాని కోసమూ మోగింది.

పదింటికి ఎండ అద్దాలమీద పడింది. వంగి వంగి మెడ పట్టేసింది. ఆ మోత చెవిలో కాకుండా పళ్ళలో మోగుతున్నట్టుంది. "ఇద్దరు" అనడం "ఊఁ" అయింది. కాసేపటికి ఆ ఊఁ కూడా ఎప్పుడు పోయిందో ఆమెకి తెలీదు. బొటనవేలు మీటమీదే ఉండిపోయింది. సాయంత్రం నివేదికతో పాటు జతచెయ్యాల్సిన కాగితాల గురించి ఆలోచిస్తోంది.

పన్నెండు దాటాక వాకీటాకీలో సరంగు గొంతు వినిపించింది.

"తల్లీ, ఇప్పుడు మోగింది ఎవరికోసం?"

"తాళాలు విప్పేవాళ్ళకి గురువుగారూ."



"చూసి చెప్పు."

సుచరిత కిందికి వంగింది. పెట్టె లేదు. లారీ లేదు. తాళాలు విప్పే ఇద్దరూ దూరంగా నీడలో కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. పసుపుగీతల మధ్య తెల్లటోపీ పెట్టుకుని ఒక్క మనిషి నేలమీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. తవిటయ్య పడినచోట చల్లిన సున్నం ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. ఆయన కూర్చున్నది ఆ సున్నం మీదే.

ఆమె పక్కకి తిరిగింది. డ్రైవరు చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. క్రేను ఎప్పుడో ఆగిపోయింది. కొక్కేలు అవతల సముద్రంవైపు ఓడమీద వేలాడుతున్నాయి. కింద బంగార్రాజు క్రేను మోటార్ల మీట దించి తాళం వేసేశాడు. ఆ తాళంచెవి సరంగు జేబులో ఉంది.

"ఎంతసేపయింది?" అంది సుచరిత.

డ్రైవరు తలవంచుకుని చెప్పాడు. "పావుగంటండి. సరంగు గారు అక్కడ కూచున్నాక ఇది తొమ్మిదోసారి మోగడం. తొమ్మిదిసార్లూ మీరు నొక్కేశారు."

ఆమె లిఫ్టులో కిందికి దిగింది. నడిచి వెళ్ళి సరంగు పక్కన ఆ సున్నం మీదే కూలబడింది.

"నేనూ చంపేదాన్నే గురువుగారూ."

ఆయన కాదనలేదు. ఓదార్చనూ లేదు. మోకాళ్ళమీద చేతులాన్చి లేచాడు.

"లే అమ్మా. ఇది కూర్చునే చోటు కాదు."

గీత అవతలికి వచ్చాక ఆమె అడిగింది. "మరి ఎల్లాజీ తప్పేం లేదా?"

"ఉంది. అది అతనికి తెలుసు. నువ్వు కొత్తగా చెప్పక్కర్లేదు."

ఎల్లాజీ ఆఫీసు వరండాలో బెంచీమీద కూర్చుని ఉన్నాడు. పిలవకపోయినా పదిరోజులుగా రోజూ వచ్చి అక్కడే కూర్చుంటున్నాడు. గడ్డం మాసిపోయింది. సుచరితని చూసి లేవబోతే వద్దని, తనూ ఆ బెంచీమీదే కూర్చుంది. అతను ఇంకాస్త చివరికి జరిగాడు.

"గుడ్డ ఎప్పుడు పెట్టావు ఎల్లాజీ?"

"అది బిగించిన పంతొమ్మిదో దినాన్నమ్మా. అంతవరకూ పెతిసారీ కిందకి సూసీవోణ్ణి. ఇంటికెళ్ళి తొంగున్నా సెవిలో అదే మోత. పిల్లలు మాటాడితే ఇసుక్కునీవోణ్ణి." నేలకేసి చూస్తూ అన్నాడు. "ఆ దినం గూడా మోగిందంట కదమ్మా."

"మోగింది."

"అన్నిసార్లు ఇన్నాను. ఇనాల్సిందొక్కటీ ఇన్లేదు."

అతను ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా ఉన్నాడు.

"నువ్వు పంతొమ్మిది రోజులు విన్నావు" అంది సుచరిత. "నేను ఒక్క పూట వినలేకపోయాను."

ఎల్లాజీ మొదటిసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

నివేదికలో చివరి గడి చిన్నది. అందులో పట్టక ఆమె విడిగా మరో కాగితం తీసుకుంది. ప్రమాదానికి కారణం అని రాసి, దాని కింద మొదట తన పేరు రాసింది. పని చేసుకునే మనిషికీ ప్రాణం మీదికొచ్చిన మనిషికీ ఒకే మోత మోగేలా యంత్రం కట్టాననీ, దాన్ని వినాల్సిన చోట కూర్చుని ఒక్కరోజైనా వినలేదనీ రాసింది. ఇవాళ తను తొమ్మిదిసార్లు చూడకుండా మీట నొక్కిన సంగతీ, ఏయే సమయాల్లో నొక్కిందీ రాసింది. ఆ కింద గుడ్డ కుక్కిన ఎల్లాజీ పేరు రాసింది. తన మూడేళ్ళ పనీ ఆ కాగితంతో ఆగిపోవచ్చని తెలిసే సంతకం చేసింది. అయిదుకి ఇంకా పదినిమిషాలుండగా తీసుకెళ్ళి ఇచ్చేసింది.

తిరిగొచ్చేసరికి సరంగు ఓడలు ఆగే ధక్కా గట్టు అంచున నిలబడి ఓడకి కట్టిన తాళ్ళు చూసుకుంటున్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఓడ కాస్త కదిలినప్పుడల్లా తాళ్ళు బిగుసుకుని మళ్ళీ వదులవుతున్నాయి.

"నన్ను ఉద్యోగంలో ఉండనిస్తే మళ్ళీ మొదటినుంచీ కడతాను గురువుగారూ. ఒకటి మాత్రం తెలీడం లేదు. అసలు ఎన్నిసార్లు మోగాలి?"

సరంగు చొక్కాలోంచి ఈల తీసి, చిలుము పట్టినచోట బొటనవేలితో రుద్దాడు.

"నలభై ఏళ్ళలో దీన్ని మూడుసార్లు ఊదాను."

సుచరిత అడగడానికి ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది.

"ఆ ముగ్గురూ?"

"ఒకడు కాకినాడలో వలలు అల్లుతున్నాడు. ఇంకొకడు మొన్న మనవరాలి పెళ్ళికి పిలిచాడు, వెళ్ళి భోంచేసి వచ్చాను." ఆయన ఈలని మళ్ళీ చొక్కాలోకి జారవిడిచాడు. "మూడోవాడు బంగార్రాజు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. క్రేను కింద పసుపుగీతకి ఇవతల నిలబడి, విప్పిన తాళాల్ని బంగార్రాజు ఒక్కొక్కటే బుట్టలో వేస్తున్నాడు.